తోసేదెవరు, లాగేదెవరు?

ఒక రూపాయి బిళ్ళను నిలువుగా పైకి ఎగరేశారు. అది చేతిని వదిలేసింది, పైకి పోతోంది, ఇంకా పైకొసకు చేరలేదు. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే ఆ క్షణంలో బిళ్ళ మీద పనిచేస్తున్న బలాలేవి? అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఈ ప్రశ్నను ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు పెట్టి, వచ్చిన జవాబులను 1982లో ప్రచురించాడు. చాలామంది రెండు బాణాలు గీశారు. భూమి లాగుడుకు కిందికి ఒకటి, చెయ్యి ఇచ్చిన బలానికి పైకి ఇంకొకటి, అదీ కాస్త పొడుగ్గా. యాంత్రికశాస్త్రం కోర్సు ముగించినవాళ్ళలోనూ ఎక్కువమంది చేసిన తప్పు ఇదే. సరైన పటంలో ఉండేది ఒకటే బాణం, అది కిందికే. చలన సమీకరణాలు కంఠతా వచ్చినవాళ్ళు, బిళ్ళ ఎంత ఎత్తుకు పోతుందో క్షణంలో లెక్కగట్టగలిగినవాళ్ళు కూడా ఈ పటం దగ్గర తడబడతారు. కాబట్టి లోపం గణితంలో లేదు. సమీకరణం రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది: వస్తువు మీద ఏయే బలాలున్నాయో తేల్చుకోవడం. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల కోచింగులలో ఆ పనికి అర నిమిషం కేటాయించి, మిగతా సమయమంతా బీజగణితానికి పెడతారు. భౌతికశాస్త్రం ఉన్నది ఆ అర నిమిషంలోనే.

పైకి గీసిన ఆ రెండో బాణాన్ని తెలివితక్కువతనంగా కొట్టిపారేయకూడదు, దానికి పెద్ద వంశమే ఉంది. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలోపోనస్, విసిరిన వస్తువులో విసిరినవాడు ఏదో శక్తిని నింపి పంపుతాడని వాదించాడు. పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ దానికి ఇంపెటస్ అని పేరు పెట్టాడు. 1590 ప్రాంతంలో యువ గెలీలియో కూడా, పైకి విసిరిన రాయిలో నింపిన బలం క్రమంగా తరిగి, బరువుతో సమానమైనప్పుడు రాయి ఆగుతుందని రాసుకున్నాడు. విద్యార్థి గీసే పటం సరిగ్గా ఇదే. దాన్ని దాని మాట మీదే పరీక్షిద్దాం. పైకొస దగ్గర రెండు బలాలూ సమానమైతే ఫలిత బలం సున్నా, కాబట్టి త్వరణం సున్నా. బిళ్ళ వేగమూ ఆ క్షణంలో సున్నాయే. వేగం సున్నా, వేగంలో మార్పూ సున్నా అయిన వస్తువు ఉన్నచోటే ఉండిపోవాలి. కానీ ఏ బిళ్ళా గాలిలో అలా వేలాడదు. చెయ్యి ఇచ్చిన బలం వెంటనే మరింత తగ్గిపోతుంది కదా అంటే, ఏ నియమం ప్రకారం తగ్గుతుంది, తగ్గించేది ఏమిటి అన్న ప్రశ్నలు వస్తాయి. వాటికి జవాబు లేదు. ఆ బలం జవాబుకు తగ్గట్టు మనం కల్పించుకున్నది మరి. బిళ్ళ దగ్గర నిజంగానే ఒకటుంది, అది ద్రవ్యవేగం. ద్రవ్యవేగం వస్తువు వెంట తీసుకుపోయేది, బలం మరో వస్తువు ఇప్పుడు, ఈ క్షణంలో దాని మీద చేసేది. 1687లో వచ్చిన ప్రిన్సిపియా తొలి పుటల్లోనే న్యూటన్ ఈ తేడా చెప్పాడు. ప్రయోగించిన బలం ఆ చర్య జరిగినంతసేపే ఉంటుందనీ, చర్య ముగిశాక వస్తువులో మిగిలి ఉండదనీ నిర్వచించాడు. (అదే పుటలో జడత్వాన్ని కూడా ఒక రకం బలంగానే పేర్కొని తికమకకు కాస్త చోటిచ్చాడు. పాత పదజాలం ఆయన్ని పూర్తిగా వదల్లేదు.)

ఈ అధ్యాయంలో నా వాదన ఒక్కటే. బలాల పటంలో ఏ బాణం గీసినా, ఇది ఏ వస్తువు చేస్తున్న పని అన్న ప్రశ్నకు పేరు చెప్పగలగాలి. పేరు చెప్పలేని బాణాన్ని కొట్టేయాలి. వ్యాపారి చిట్టాలో ఇచ్చినవాడి పేరు లేని జమ ఎలా చెల్లదో ఇదీ అలాగే చెల్లదు. ఇది పరీక్షల్లో మార్కులు కాపాడే చిట్కాలా కనిపిస్తుంది. న్యూటన్ యాంత్రికశాస్త్రానికి నిజంగా పరీక్షకు నిలబడే గుణాన్ని ఇచ్చింది ఈ నియమమేనని నేనంటాను. నియమాన్ని ఒప్పుకోవడం తేలికే, అమలు చేసేటప్పుడు మాత్రం అభ్యంతరాలు వరసగా వస్తాయి.

మొదటి అభ్యంతరం బల్ల గురించి. బల్ల మీద రెండు కిలోల పుస్తకముంది. భూమి దాన్ని 19.6 న్యూటన్ల బలంతో కిందికి లాగుతోంది. పుస్తకం కదలడం లేదు కాబట్టి బల్ల అంతే బలంతో పైకి తోస్తోందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ప్రాణం లేని చెక్క తోయడమేమిటి, అది అడ్డంగా ఉందంతే కదా, అని ఆలోచించే విద్యార్థి అడుగుతాడు. అమెరికాలో హైస్కూలు ఉపాధ్యాయుడు జిమ్ మిన్‌స్ట్రెల్ 1982లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ ఒక్క సందేహం గురించే. సందేహం న్యాయమైనది. పైగా మన నియమాన్ని మనకే అప్పజెబుతోంది: పేరు చెప్పావు సరే, ఆ వస్తువు పనిచేస్తోందనడానికి సాక్ష్యమేది? సాక్ష్యం ఉంది. అరచేతిలో పుస్తకం పెట్టుకుంటే చెయ్యి పైకి తోయక తప్పదని ఎవరైనా ఒప్పుకుంటారు. స్ప్రింగు మీద పెడితే అది నొక్కుకుపోయి, నొక్కుడుకు తగినంత బలంతో ఎదురు తోస్తుంది. రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం అదే. పలచని చెక్కపలక మీద పెడితే పలక వంగడం కంటికి కనిపిస్తుంది. మందం పెంచుకుంటూ పోతే వంపు తగ్గుతుంది తప్ప మాయమవదు. గట్టి బల్ల మీద చిన్న అద్దం ఉంచి, దాని మీద పడ్డ కాంతికిరణాన్ని దూరంగా గోడ మీదికి మళ్ళించి, బల్లను బలంగా నొక్కితే గోడ మీద వెలుగు చుక్క జరుగుతుంది. బల్ల అణువుల మధ్య బంధాలు కోట్లాది బిరుసైన స్ప్రింగుల్లా పనిచేస్తున్నాయి. బల్లకు ఎంత తోయాలో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. పుస్తకం మీది భూమి లాగుడుకు సరిపోయేంత వరకు బల్ల వంగుతుంది, అక్కడ ఆగుతుంది.

ఇక్కడే మరో తప్పు పుడుతుంది. బరువు చర్య, బల్ల తోపు ప్రతిచర్య, న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండూ సమానం అని చాలామంది రాస్తారు. పేర్లు అడిగితే తేలిపోతుంది. భూమి పుస్తకాన్ని లాగితే, దాని జత పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని తోస్తే, దాని జత పుస్తకం బల్లను తోయడం. మొదట చెప్పిన రెండు బలాలూ ఒకే వస్తువు మీద ఉన్నాయి, వాటిని ఇస్తున్నవి వేర్వేరు వస్తువులు, కాబట్టి అవి జత కానే కావు. ఇక్కడ సమానమయ్యాయంటే పుస్తకానికి త్వరణం లేదు కాబట్టి. నమ్మకం కుదరకపోతే లిఫ్టులో చూడవచ్చు. 60 కిలోల మనిషి లిఫ్టులో బరువు తూచే యంత్రం మీద నిలబడ్డాడు. లిఫ్టు సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణంతో పైకి బయల్దేరితే, భూమి లాగుడు 588 న్యూటన్లే ఉంటుంది, యంత్రం పైకి తోసే బలం మాత్రం 648 న్యూటన్లు అవుతుంది. ముల్లు 66 కిలోలు చూపిస్తుంది. మూడో నియమపు జతలు ఏ క్షణంలోనూ, ఏ త్వరణంలోనూ అసమానం కాకూడదు. ఇవి అయ్యాయి.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఎద్దులు బండిని ఎంత బలంతో లాగితే బండి ఎద్దులను అంతే బలంతో వెనక్కి లాగుతుందంటే, రెండూ కొట్టుకుపోయి బండి ఎప్పటికీ కదలకూడదు కదా? మూడో నియమం వివరణలో న్యూటన్ స్వయంగా తాడుతో రాయిని లాగే గుర్రాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు, కాబట్టి ఈ చిక్కుముడి నియమం వయసుదే. విప్పే పద్ధతిని స్పష్టంగా వాడి చూపినవాడు మాత్రం ఆయిలర్. 1750 తర్వాత రాసిన రచనల్లో ఆయన, ఏ వస్తువునైనా, వస్తువులో ఏ భాగాన్నైనా ఊహలో మిగతా ప్రపంచం నుంచి వేరుచేసి, దాని మీద బయటి నుంచి పడే బలాలకు మాత్రమే చలన నియమాన్ని వర్తింపజేశాడు. స్వేచ్ఛా వస్తు పటం అని మన పాఠాల్లో ఉన్నది దీని వారసత్వమే. బండి చుట్టూ గీత గీద్దాం. కాడి దగ్గర ముందుకు 500 న్యూటన్ల లాగుడు, నేల వెనక్కి 380. బండి బరువు 600 కిలోలైతే సెకనుకు సెకనుకు 0.2 మీటర్ల త్వరణం వస్తుంది. బండి ఎద్దులను లాగే బలం ఈ గీత లోపల లేదు, అది ఎద్దుల మీద ఉంది. ఇప్పుడు ఎద్దుల చుట్టూ గీత గీద్దాం. కాడి వెనక్కి 500తో లాగుతోంది, అయినా ఎద్దులు ముందుకు పోతున్నాయి. ముందుకు తోసేదెవరు? నేల. గిట్టలు నేలను వెనక్కి తంతాయి, నేల గిట్టలను ముందుకు తోస్తుంది. ఎద్దులనూ బండినీ కలిపి ఒకే గీత గీస్తే కాడి దగ్గరి రెండు బలాలూ లోపలివే అయి లెక్కలోంచి తప్పుకుంటాయి, అన్నిటికీ సమాధానం చెప్పాల్సింది నేల ఒక్కటే. వానాకాలం బురదలో ఎంత బలిసిన ఎద్దులైనా బండిని కదిలించలేకపోవడానికి కారణం ఇదే. ఘర్షణ ఎప్పుడూ చలనాన్ని అడ్డుకుంటుందన్న వాక్యం కూడా ఇక్కడ కూలిపోతుంది. ఘర్షణ అడ్డుకునేది రెండు ఉపరితలాల మధ్య జారుడును. మనం నడుస్తున్నది ఘర్షణ ముందుకు తోస్తేనే.

తోసేదానికి తప్పు పేరు పెట్టినా ప్రమాదమే. రాకెట్ వెనకనున్న గాలిని తన్ని ముందుకు పోతుందనుకుంటే, గాలి లేని అంతరిక్షంలో అది పనిచేయకూడదు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాకెట్ పరిశోధకుడు రాబర్ట్ గోడార్డ్‌ను ఇదే వాదనతో ఎగతాళి చేసింది. 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, ఆ పత్రిక పొరపాటును సరిదిద్దుకుంది. రాకెట్‌ను తోసేది దాని లోపల మండి వెనక్కి ఎగజిమ్మే వాయువే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకుపోయిన ఎల్‌వీఎం3 రాకెట్ బరువు సుమారు 640 టన్నులు. అది నేల విడవాలంటే ఆ వాయువులు సుమారు 63 లక్షల న్యూటన్లకన్నా ఎక్కువ బలంతో తోయాలి. చుట్టూ ఉన్న గాలి ఈ పనిలో సహాయం చేయదు సరికదా, అడ్డుపడుతుంది.

ఇప్పటిదాకా వచ్చినవి అపార్థాలు, పేరు అడిగితే తేలిపోయాయి. మూడో అభ్యంతరం అపార్థం కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎడమకు మలుపు తిరిగితే ప్రయాణికుడు కుడివైపుకు ఒరిగిపోతాడు. ఎవరో తోసినట్టే ఉంటుంది. ఎవరూ తోయలేదు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి లెక్కలో, ప్రయాణికుడి శరీరం తిన్నగా పోవాలని చూస్తుంటే సీటూ బస్సు గోడా అతన్ని లోపలికి నెడుతున్నాయి. 20 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 30 కిలోమీటర్ల వేగమైతే 60 కిలోల మనిషిని నెట్టాల్సిన బలం దాదాపు 208 న్యూటన్లు. అయితే ఇంజనీర్లు అపకేంద్ర బలాన్ని నిత్యం వాడతారు, సరైన జవాబులే రాబడతారు. వాతావరణ శాస్త్రజ్ఞులు కోరియాలిస్ బలం లేకుండా బంగాళాఖాతం తుఫాను ఎడమకు ఎందుకు సుడి తిరుగుతుందో చెప్పరు. పేరు లేని బలాలు పనికొస్తున్నప్పుడు నియమం ఏమైనట్టు? నా జవాబు ఇది. తిరుగుతున్న బస్సునో భూమినో కదలనిదిగా తీసుకున్నందుకు చెల్లించే సవరణలు అవి. వాడుకోవచ్చు, కానీ వేరే పట్టీలో రాసుకోవాలి. ఇచ్చేవారు ఉండరు, మూడో నియమపు జత ఉండదు, ప్రతి వస్తువు మీదా సరిగ్గా దాని ద్రవ్యరాశికి అనుపాతంలో ఉంటాయి. ఈ గుర్తులతో వాటిని ఎప్పుడైనా పోల్చుకోవచ్చు. చదువరి ఇక్కడ నన్ను ఆపి, మూడో గుర్తు గురుత్వాకర్షణకూ ఉంది కదా అనవచ్చు. ఉంది. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోనులోని త్వరణమాపకం పైకి 9.8 చూపిస్తుంది, అంటే బల్ల తోపును మాత్రమే గుర్తిస్తుంది. చేతిలోంచి జారి పడుతున్నంతసేపు సున్నా దగ్గర ఉంటుంది. భూమి లాగుడు దానికి అసలు తెలియదు. 1907లో ఐన్‌స్టీన్‌కు కలిగిన అనుమానం ఈ పోలిక మీదే.

బలాల పటాలు అసలు అవసరమా అనేవాళ్ళూ ఉన్నారు. లగ్రాంజ్ 1788లో తన గ్రంథంలో ఒక్క బొమ్మ కూడా ఉండదని గర్వంగా ప్రకటించుకున్నాడు. ఆయన పద్ధతిలో గతిజశక్తీ స్థితిజశక్తీ రాసుకుంటే చాలు, చాలా లెక్కలకు అది మేలైన దారి. కానీ స్థితిజశక్తికి ఏ సమాసం రాయాలన్నది, ఏ వస్తువు దేనితో ఎలా తలపడుతోందో తెలిస్తేనే తెలుస్తుంది. ఇంజనీరు తాడు తెగుతుందా లేదా అని అడిగితే, లగ్రాంజ్ పద్ధతి కూడా పక్కన పెట్టిన తన్యతను మళ్ళీ వెలికితీయాల్సిందే.

అసలైన సవాలు తత్వవేత్తలది. బలం అంటే ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధం అన్నారు. త్వరణం కనిపించిన ప్రతిచోటా అంత బలం ఉందంటారు. ఇక ఈ నియమం తప్పయ్యేది ఎప్పుడు? ఇది ఉత్త నిర్వచనం కదా? బలానికి ఏ షరతూ లేకపోతే వాళ్ళ మాట నిజమే. ఏ చలనాన్నైనా దానికి తగ్గ బలాన్ని కల్పించి సమర్థించవచ్చు, బిళ్ళ మీద విద్యార్థి చేసింది కూడా అంతే. ఇచ్చేవారి పేరు కావాలనీ, ఆ బలం దూరాన్ని బట్టో సాగుదలను బట్టో విడిగా తెలిసిన సూత్రాన్ని పాటించాలనీ షరతు పెట్టినప్పుడే నియమానికి ఓడిపోయే అవకాశం వస్తుంది. 1781లో హెర్షెల్ కనుగొన్న యురేనస్ గ్రహం కొన్ని దశాబ్దాలకే లెక్కలు వేసిన దారి తప్పింది. యురేనస్ మీద ఏదో అదనపు బలం ఉందని రాసుకుని ఊరుకోవచ్చు. ఖగోళ శాస్త్రజ్ఞుడు లెవెరియర్ ఊరుకోలేదు, ఆ లాగుడు ఎవరిదని అడిగి, లాగేది ఆకాశంలో ఎక్కడ ఉండాలో లెక్కగట్టాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో గాలె దూరదర్శినిని అటు తిప్పాడు. చెప్పిన చోటుకు ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ కనిపించింది. ఇదే ప్రశ్నను లెవెరియర్ బుధగ్రహం విషయంలోనూ వేశాడు. దాని కక్ష్య, తెలిసిన గ్రహాల లాగుడంతా తీసేసినా, శతాబ్దానికి దాదాపు 43 ఆర్క్‌సెకన్లు అదనంగా తిరుగుతోంది. సూర్యుడి దగ్గర వల్కన్ అనే గ్రహం ఉండాలని ఆయన 1859లో అన్నాడు, పేరు కూడా స్థిరపడింది, గ్రహం మాత్రం దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ ఏ కొత్త వస్తువూ లేకుండానే ఆ 43 సెకన్లను రాబట్టాడు. ఈసారి మార్చాల్సి వచ్చింది గురుత్వాకర్షణ సూత్రాన్నే. మొదటి సందర్భంలో నియమం గెలిచింది, రెండోదానిలో ఓడింది. ఉత్త నిర్వచనాలు గెలవవు, ఓడవు.

పేరు చెప్పడం వేరు, ఎలా చేస్తుందో చెప్పడం వేరు. సూర్యుడు శూన్యం మీదుగా భూమిని ఎలా లాగుతాడని హైగెన్స్, లైబ్నిజ్ లాంటివాళ్ళు నిలదీసినప్పుడు న్యూటన్ దగ్గర జవాబు లేదు. 1713 ముద్రణలో ఆయన ఊహలు అల్లనని చెప్పి తప్పుకున్నాడు. మన నియమానికి అది చాలు. పటం గీయడానికి సూర్యుడి పేరూ, దూరంతో బలం మారే సూత్రమూ కావాలి. మిగతా విషయం తర్వాతి తరాలు క్షేత్రాల భాషలో చూసుకున్నాయి. కాంతి కూడా ద్రవ్యవేగాన్ని మోసుకుపోతుందన్నది వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన సంగతే.

ఆ సంగతి లేకపోతే పయొనీర్ నౌకల చిక్కు విడేది కాదు. 1972, 1973లలో నాసా పంపిన పయొనీర్ 10, 11 బయటి గ్రహాలను దాటిపోయాక, రెండూ లెక్కకన్నా కొంచెం ఎక్కువగా నెమ్మదించడం బయటపడింది. సూర్యుడి దిశలో అదనపు త్వరణం సెకనుకు సెకనుకు ఒక మీటరులో వందకోట్లో వంతుకన్నా తక్కువ. కొందరు కనిపించని పదార్థమన్నారు, కొందరు గురుత్వాకర్షణ సూత్రాన్నే మార్చాలన్నారు. నౌక బరువు దాదాపు 250 కిలోలు, కాబట్టి వెతకాల్సిన బలం ఒక న్యూటన్‌లో యాభై లక్షలో వంతు మాత్రమే. ఏకపక్షంగా వెలువడే వేడి ఇంత బలం ఇవ్వాలంటే సుమారు 65 వాట్లు చాలు. పయొనీర్ల ప్లుటోనియం జనరేటర్లు రెండు వేల వాట్లకు పైగా వేడిని వెలువరించేవి, వాటి పెద్ద గిన్నె యాంటెన్నా ఎప్పుడూ భూమి వైపుకు, అంటే దాదాపు సూర్యుడి వైపుకు తిరిగి ఉండేది. పాత టేపుల్లోని సమాచారాన్ని వెలికితీసి, నౌకలో ప్రతి భాగం ఎంత వేడిని ఎటు చిమ్ముతుందో కంప్యూటర్‌లో కట్టి చూసిన స్లావా టురిషెవ్ బృందం 2012లో ఫలితం ప్రకటించింది. జనరేటర్ల నుంచీ, ఎలక్ట్రానిక్ పరికరాల నుంచీ వచ్చిన వేడి సూర్యుడికి ఎదురు దిక్కుకు కాస్త ఎక్కువగా పోతోంది, అది నౌకను వెనక్కి, సూర్యుడి వైపుకు తోస్తోంది. ప్లుటోనియం క్షీణించే కొద్దీ ఆ తోపు కూడా ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చినట్టు రికార్డుల్లో కనిపించింది.